సింహాసనం వెనక ఊఁ

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తరువాతో నాకిప్పుడు కచ్చితంగా గుర్తు లేదు. బిందె ముందు కళాయికి వెళ్లిందో, శాస్త్రులవారు ముందు కొలువులోకి వచ్చారో చెప్పలేను. మా పెద్దత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పేది. వినేవాళ్లు ఊఁ కొట్టకపోతే కథ ఆపేసి, చేటలోకి వంగిపోయేది. ఎంత బతిమాలినా మళ్లీ ఎత్తుకునేది కాదు. అందుకని మేం బాగానే ఊఁ కొట్టేవాళ్లం. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను, అదీ జారిపోకముందే.

ఒకానొక రాజ్యంలో, రాజు మాట్లాడాక ఎవ్వరూ నోరు మెదపకూడదని శాసనం ఉండేది. ఆ రాజ్యం పేరు మేఘవరం. రాజు జయధీర భూపతి. తండ్రి పోయి, గద్దెనెక్కి నాలుగు నెలలు కూడా కాలేదు. ఇరవై రెండేళ్ల వాడు, సన్నగా చువ్వలా ఉండేవాడు. గొంతు మాత్రం ఉరుము.

పట్టాభిషేకం నాడు ఆ గొంతు మొదటిసారి విని కొలువంతా నిర్ఘాంతపోయింది. "ఆ పిడికెడు మనిషిలో ఇంత గొంతు ఎక్కడ దాగుందయ్యా!" అని ముసలి దండనాయకులు ముఖాలు చూసుకున్నారు.

ఆ శాసనం ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి సలహా. ఆయన అన్నాడట: "మహాప్రభో, రాజు మాటకి కాదనడం ఎలాగూ నేరమే. ఔననడం కూడా నేరమే. ఇవాళ ఔనన్నవాడు రేపు కాదనగలడు గదా! అసలు నోరే లేవకూడదు."

రాజుకి అది నచ్చింది. నాటినుంచి కొలువులో రాజు మాట ముగియగానే అందరూ తలలు వంచేవారు. దగ్గు వచ్చినా మింగేవారు.

ఇలా ఉండగా ఉగాది వెళ్లిన వారానికి ఒకనాడు రాజు కొలువుదీరి, "కొండకింది పల్లెలవారు పన్ను తగ్గించమని అడిగారు. మేము తగ్గించము," అని ఉరిమాడు.

సింహాసనం వెనకనుంచి, "ఊఁ…" అని వినబడింది.

కొలువు కొయ్యబారిపోయింది. విన్నపం చెప్పుకోవడానికి వచ్చిన రైతు చేతిలో తలపాగా జారిపడింది. ఎవరూ వంగి తీయలేదు.

రాజు మెడ తిప్పకుండా, "ఎవరు?" అన్నాడు.

"ఊఁ."

"మమ్మల్ని వెక్కిరించేది ఎవరు?"

"ఊఁ…"

కథ వింటూ మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు ఎలా అంటారో, అచ్చం అలాగే. రాజు ముఖం మొదట ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పేరిశాస్త్రి కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి చెప్పాడు: "శబ్దం సింహాసనం వెనకనుంచి వచ్చింది. వెనక నిలబడేది ఒక్కరే. వింజామర వీచే మంగతాయి. ఇంక సందేహం దేనికి?"

మంగతాయి ఆ వింజామర పట్టి ముప్ఫై ఏళ్లు. పెద్దరాజుకీ వీచింది. జయధీరుణ్ణి చంటివాడప్పుడు ఎత్తుకు తిప్పింది కూడా ఆమే. "నేను కాదు శాస్త్రులుగారూ, నా బిడ్డల మీద ఒట్టు," అంది.

మరునాడు ఆమె పెదాలు బిగించి, వింజామర పట్టుకోని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పక్కన ఇద్దరు భటులు ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు. రాజు మాట్లాడాడు. "ఊఁ…" వచ్చింది. భటులు గుడ్లప్పగించారు.

"నోరు మూసే ఉంది ప్రభో!" అన్నాడొక భటుడు.

"విన్నారా!" అని పేరిశాస్త్రి చేతులు తట్టాడు. "నోరు మూసే అనగలుగుతోంది. ఎంత కాలంగా సాధన చేస్తోందో!"

మంగతాయిని చెరలో వేశారు. మూడోనాడు కొలువులో అందరి ఎదుట నాలుక కోయించాలని నిర్ణయమైంది. రాజు ఆ మాట పైకి అనలేదు, చేతితో సైగ చేశాడు. ఊఁ వినబడుతుందన్న భయంతో ఆయన అప్పటికే సైగలతో పాలించడం మొదలుపెట్టాడు.

మంగతాయికి ఒక తమ్ముడు. పేరు గవరయ్య. ఊళ్లో ఇత్తడి పాత్రలకి కళాయి వేసేవాడు. మనిషి ఎప్పుడూ మసి, మాట మాత్రం తళతళ. సంగతి తెలిసి కొలిమి ఆర్పకుండానే చెరసాలకి పరుగెత్తాడు.

"ఏమిటక్కా ఇది? ఎవర్ని ఏమన్నావు?"

"ఏమన్నానురా! ముప్ఫై ఏళ్లుగా ఆ చోట నోరు విప్పినదాన్ని కాదు. నాకే ఒళ్లు జలదరించింది, నా వీపు పక్కనే అన్నది గదా అది."

"రాజు ఏం మాట్లాడినా అంటుందా?"

మంగతాయి ఆలోచించింది. "లేదు. బరువుగా, చివర లాగి అన్నప్పుడే. దగ్గితే అనదు. నిన్న తుమ్మితే కూడా అనలేదు."

"తుమ్మినప్పుడు దొరవారి గొంతు ఎలా ఉంది?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అక్కా, రేపీవేళకి నీకు మాట ఉండదు. ఇప్పుడే చెప్పు."

"పిచ్చుక పిల్ల గొంతురా," అంది నెమ్మదిగా. "చిన్నప్పటిదే. ఇంకా మారలేదు. ఆ ఉరుము ఆ శాస్త్రులు నేర్పించాడు. సన్నగొంతు రాజుని ఎవరూ లెక్కచేయరని భయపెట్టాడు. పట్టాభిషేకం ముందు నెల్లాళ్లు గది తలుపులు వేసుకుని సాధన చేశాడు బిడ్డ. గొంతు వాచి అన్నం దిగేది కాదు. ఈ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి, తెలిసిందా?"

"ఈ ఒక్క మాటతో నువ్వు బయటపడతావేమో!"

"నా నాలుక పోతే ఒక్క నాలుక పోతుంది. ఆ మాట కొలువులో అంటే ఆ బిడ్డ ఇంకెప్పుడూ తలెత్తుకోలేడు. నా మీద ఒట్టు వెయ్యి, ఎవరికీ చెప్పనని."

గవరయ్య తెల్లబోయి చూశాడు. చివరికి అక్క తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

ఇక్కడ ముందే చెప్పవలసిన మాట ఒకటి మరిచాను. ఆ బిందె సంగతి.

మేఘవరం రాజులకి ఒక ఆచారం ఉండేది. సింహాసనం వెనక, పట్టుతెర చాటున, నడుమెత్తు ఇత్తడి బిందె నిండా నీళ్లు పోసి ఉంచేవారు. రాజు వీపు వెనక ఎప్పుడూ నీళ్లుండాలని. కొలువు ముగిశాక ఆనాడు చిట్టచివర విన్నపం చెప్పుకున్నవాడికి రాజు స్వయంగా అందులోంచి ఒక చెంబెడు నీళ్లు ఇచ్చేవాడు. ఎండలో ఎంతదూరం నడిచొచ్చాడో పాపం అని.

ఉగాదికి కోటలో పాత్రలన్నీ కళాయికి పోతే ఆ బిందె కూడా పోయింది. కళాయి వేసింది గవరయ్యే. బిందె తళతళలాడుతూ తిరిగొచ్చింది గాని, నీళ్లు పోయడానికి పేరిశాస్త్రి అడ్డుపడ్డాడు. కొత్త కళాయి పాత్రలో నీళ్లు నింపడానికి నలభై రోజులదాకా ముహూర్తం లేదన్నాడు. అంచేత ఖాళీ బిందెనే తెర చాటున పెట్టి, చెంబు నీళ్ల ఆచారం అన్నాళ్లూ ఆపేశారు. ఎవరూ చూసే చోటు కాదు గనక అందరూ మరిచిపోయారు.

గవరయ్య మరిచిపోలేదు. చెరసాల మెట్లు దిగుతూ చటుక్కున ఆగాడు. నోటికి రెండు చేతులూ దోసిలిలా పెట్టి, గొంతు బాగా కిందికి దించి, "ఊఁ…" అని తనలో తాను అనుకున్నాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వటే!" అన్నాడు.

తెల్లవారింది. కొలువు కిటకిటలాడింది. మంగతాయిని బయట వసారాలో కూర్చోబెట్టారు. లోపల ఒక పళ్లెంలో కత్తి పెట్టుకుని తలారి నిలబడ్డాడు. గవరయ్య మసిబట్టలతోనే వచ్చి సాష్టాంగపడ్డాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు పేరిశాస్త్రి, రాజు తరఫున.

"ఆ ముద్దాయి తమ్ముణ్ణి, శాస్త్రులుగారూ. కళాయివాణ్ణి. అక్కని విడిచిపెట్టమని అడగడానికి రాలేదు. శాస్త్రం తేల్చాక నాబోటివాడు ఏం అడుగుతాడు? నాకో చిన్న సందేహం, అంతే. ఆ చప్పుడు సింహాసనం వెనక నిలబడ్డవారిదేనని తమరు తేల్చారు గదా?"

"నిస్సంశయంగా!"

"ఎవరు నిలబడ్డా అంతేనా?"

"ఎవరు నిలబడ్డా అంతే! శాస్త్రానికి ముఖం చూసే అలవాటు లేదురా."

"ఆహా! ఎంత మాట!" అని గవరయ్య చెంపలు వేసుకున్నాడు. "సరే బాబూ, ఇంకొక్క మనవి. ఇవాళ శిక్ష దొరవారి నోటితోనే వెలువడాలి. సైగతో చెప్పిన శిక్ష చెల్లదని పెద్దలంటారు. దొరవారు శిక్ష చెప్పేవేళ వెనక వింజామర ఆడకపోతే రాజలాంఛనానికి లోటు. ఆ పవిత్రమైన పని తమవంటి పండితుల చేతిలో ఎంత శోభిస్తుందో!"

పేరిశాస్త్రి ముఖం విప్పారింది. కండువా సర్దుకుని, సింహాసనం వెనక్కి వెళ్లి వింజామర అందుకున్నాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు దర్జాగా వీచాడు.

రాజు మనసులో, మంగతాయి బయట ఉంది గదా, ఇంక భయం లేదనుకున్నాడు. గొంతు కిందికి దించాడు.

"మంగతాయి నాలుక కోయవలసిందని ఇందుమూలంగా ఆజ్ఞాపిస్తున్నాము!"

"ఊఁ…"

పేరిశాస్త్రి చేతిలోంచి వింజామర జారి కాళ్లమీద పడింది. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"నేను కాదు! మహాప్రభో, నేను కాదు!"

"మా అక్కా అదే మాట అందండి," అన్నాడు గవరయ్య.

"నా నోరు మూసే ఉంది! అందరూ చూశారు!"

"మా అక్కదీ మూసే ఉందట. నోరు మూసి అనడం ఎంత సాధనో అని తమరే మెచ్చుకున్నారు. ఆమెకి ముప్ఫై ఏళ్లు పట్టింది. తమరికి వచ్చీ రాగానే పట్టుబడింది. చదువంటే అదీ!"

తలారికి ఏం చేయాలో తోచలేదు. పళ్లెం పట్టుకుని వసారావైపు ఒక అడుగు వేశాడు, సింహాసనంవైపు ఒక అడుగు వేశాడు. "మహాప్రభో, ముందు ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?" అని అడిగాడు.

పేరిశాస్త్రి సింహాసనం వెనకనుంచి ఒక్క గంతులో స్తంభం చాటుకి చేరాడు. "అది శాస్త్రం కాదు! వెనక నిలబడితే అయిపోతుందా? ఇంకేదో ఉంది, విచారించాలి!" అని అరిచాడు.

"చాలు!" అన్నాడు రాజు.

"ఊఁ…"

ఇప్పుడు వెనక ఎవరూ లేరు. ముందు వరసలో ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి తగ్గారు. రాజు అందరినీ బయటికి పొమ్మని సైగ చేశాడు. గవరయ్యని మాత్రం ఆగమన్నాడు.

తలుపులు మూశారు. గవరయ్య చేతులు జోడించాడు. "అభయమిస్తే చూపిస్తాను మహాప్రభో."

రాజు తలూపాడు. గవరయ్య వెళ్లి పట్టుతెర పక్కకి లాగాడు. బిందె మెరుస్తూ కూర్చుని ఉంది, మూతి సింహాసనం వైపు కాస్త వాలి.

"ఇదా!" అన్నాడు రాజు.

"ఊఁ," అంది బిందె.

రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పటిదాకా మనిషి మీద ఉన్న భయం వేరు, ఇది వేరు. గవరయ్య ఆయన చెయ్యి పట్టుకుని బిందె పొట్టమీద ఆనించాడు. "ఇప్పుడు అనండి."

"ఏమనాలి?" అని రాజు ఉరిమాడు. అరచేతి కింద ఇత్తడి చీమలు పాకినట్టు జిల్లుమంది. రాజు నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"దయ్యం కాదు ప్రభో. ప్రతి ఖాళీ పాత్రకీ ఒక గొంతు ఉంటుంది. కళాయి వేశాక నేను ప్రతి పాత్రలోకీ నోరు పెట్టి, కిందినుంచి పైకి కూనిరాగం తీస్తాను. ఒక్కచోట మాత్రం అది అందుకుంటుంది. అదే దాని గొంతు. ఏ చోటా అందుకోలేదంటే ఎక్కడో పగులున్నట్టు లెక్క. ఉయ్యాల చూశారు గదా? వేళకాని వేళ పదిమంది తోసినా అది అదురుతుంది గాని ఊగదు. దాని ఊపు కనిపెట్టి చిటికెనవేలితో తోసినా మనిషిని మోసుకుని ఊగుతుంది. ఇదీ అంతే. తమ గొంతు సరిగ్గా దీని ఊపులో పడింది."

రాజు బిందెవంక కోపంగా చూశాడు. "అయితే ఈ బిందె ఇన్నాళ్లూ మమ్మల్ని అనుకరిస్తోందన్నమాట! ఇంత పొగరా!"

"ఊఁ…"

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. ఇక్కడ మా పెద్దత్త కూడా రాళ్లు ఏరడం ఆపేది.

"మహాప్రభో, అనుకరించడమంటే తన గొంతు వదిలి ఇంకొకరి గొంతు తెచ్చుకోవడం గదా! ఈ బిందెని తమ తాతగారి నాడు సుత్తితో కొట్టి చేశారు. ఆనాటినుంచి దీనికి ఒకటే గొంతు. మార్చుకుందామన్నా దీనివల్ల కాదు. కాబట్టి ఇది ఎవర్నీ అనుకరించలేదు. ఇంక ఇక్కడ ఉన్నది…" అని ఆగి, నేలచూపులు చూశాడు.

రాజు నోటినుంచి సన్నగా, పిచ్చుక పిల్లలా ఒక మాట వచ్చింది.

"నేనా?"

బిందె పలకలేదు.

రాజు ఉలిక్కిపడ్డాడు. తన గొంతు తానే విని ఎన్నాళ్లయిందో! బిందె దగ్గరికి వంగి, ఆ సన్నగొంతుతోనే, "నేనా నిన్ను అనుకరించేది?" అన్నాడు. బిందె నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది.

రాజుకి నవ్వొచ్చింది. ఎవరైనా గొంతు మార్చుకోవచ్చునేమో గాని నవ్వు మార్చుకోవడం కష్టం. అది కిలకిలమని, చిన్నపిల్లాడి నవ్వు. ఆగలేదు. పొట్ట పట్టుకుని సింహాసనం మెట్లమీద కూలబడి నవ్వాడు. "మేఘవరం మహారాజు… బిందె గొంతుతో… మూడు నెలలు!" అని మళ్లీ నవ్వాడు. తలుపులవతల కొలువంతా ఆ కొత్త నవ్వు విని బిక్కచచ్చిపోయింది. లోపల ఇంకెవరో ఉన్నారనుకున్నారు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ రాజు అడిగాడు. "నా గొంతు సంగతి నీకు మంగతాయి చెప్పింది కదూ?"

"చెప్పింది ప్రభో. చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కొలువులో ఆ మాట అనేకంటే తన నాలుక పోయినా సరేనంది. అందుకే ఇంత డొంకతిరుగుడు పడ్డాను. ఒట్టు తప్పలేదు. తమరి మాట తమరే అనుకున్నారు గాని నేను అనలేదు."

రాజు నవ్వు ఆగింది. లేచాడు. తలుపులు తానే తోసుకుని, కిరీటం పక్కకి వాలిపోయి ఉండగానే, జనం మధ్యనుంచి వసారాలోకి నడిచాడు.

"మంగా!" అన్నాడు.

ఆ పిలుపుకి కొలువులో ఉన్నవాళ్లందరూ అదిరిపడి చూశారు. ఆ గొంతు ఎవరిదో వాళ్లకి అర్థం కావడానికి కాస్త పట్టింది. మంగతాయికి మాత్రం పట్టలేదు. చేతుల కట్లతోనే లేచి నిలబడింది.

"బొంగురుపోయింది దొరా. ఎన్నిసార్లు చెప్పాను, మిరియాల పాలు తాగమని!" అంది. రాజు ఆమె చేతుల కట్లు తానే విప్పాడు.

రాజు తన చేతి బంగారు కడియం తీసి గవరయ్యకి తొడిగాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు.

"రెండే ప్రభో. కొండకింది పల్లెలవారి పన్ను మాట ఇంకోసారి ఆలోచించండి. మొన్న దానికి ఊఁ అన్నది బిందె ఒక్కటే, మనుషులెవరూ అనలేదు. రెండోది, ఆ బిందె నింపించండి. నిండాక తమరు ఎంత ఉరిమినా అది పలకదు."

"నీళ్లు ఎవరు పోస్తారు?" అని రాజు పేరిశాస్త్రివంక చూశాడు.

"మహాప్రభో, ముహూర్తం ఇంకా ముప్ఫై…"

"మీ నాలుక అక్కడే ఉంది గదా, శాస్త్రులవారూ? అదే మంచి ముహూర్తం. బావి ఉత్తరం వైపు ఉంది. ఇకనుంచి రోజూ మీరే."

పేరిశాస్త్రి పంచె ఎగ్గట్టి పదకొండు కడవలు మోశాడు. బిందె నిండింది. రాజు సరదాకి గొంతు దించి దాని ముందు ఒకసారి ఉరిమాడు. బిందె ఊఁ లేదు, ఆఁ లేదు. ఆ తరువాత ఆ గొంతు ఆయన మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

ఆనాడు చిట్టచివర విన్నపం చెప్పుకున్నది గవరయ్యే గనక రాజు చెంబు ముంచి నీళ్లు ఆయనకే ఇచ్చాడు. ఆ పైన నోరెత్తకూడదన్న శాసనం రద్దయిందని చాటించి, తన సన్నగొంతుతో, "ఇవాళ్టికి కొలువు ముగిద్దామా?" అని అడిగాడు.

ఎవరికీ నమ్మకం కలగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా వసారాలోంచి మంగతాయి, తరువాత తలపాగా జారవిడుచుకున్న రైతు, ఆపైన కొలువు కొలువంతా ఒక్కసారిగా అన్నారు:

"ఊఁ!"

చెల్లాయ్ ఇందుమతీ, పెద్దత్త ఇది చెప్పేటప్పుడు నువ్వు కూడా చేట పక్కనే కూర్చునేదానివి. కళాయివాడు గవరయ్యేనా, గంగరాజా? శాస్త్రులకి పేరిశాస్త్రి అని పేరు పెట్టింది అత్తయ్యా, నేనా? నాకు నమ్మకం తప్పుతోంది. పేర్లు ఒకసారి చూసి తప్పుంటే దిద్దు. లేకపోతే ఒక్క ఊఁ కొట్టు, చాలు.